రక్షణకు చెల్లించిన వెల

ఈ సాయంకాలము నేను ముచ్చటింపఁబోవు విషయము అణుయుద్ధభయము. ఇద్దఱు బలవంతులు ఒక చిన్న దేశమును గూర్చి పోటీపడుట యెట్లు మొదలగును, ఆ పోటీ మెట్టుమెట్టుగా నెక్కి సర్వనాశనపు అంచునకు ఎట్లు చేరును అనునది ప్రశ్న. అనంతపురపు మెట్టనేల యెక్కడ, అణ్వస్త్రము లెక్కడ యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. ఏఁటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు సీమ మాది. దేశమున మిక్కిలి తక్కువ వాన గల జిల్లాలలో నొకటి. మేము ఆకసమువంక చూచుట మేఘముకొఱకే గాని మఱి దేనికొఱకును గాదు. అయినను ఈ విషయమును గూర్చి మాటలాడుటకు మాకు కొంత అధికారము గలదని నా నమ్మకము. ఏలయన, బలవంతుల నడుమ నలిగిన నేల యిది. ఒకరి రక్షణకు వెలగా లెక్కగట్టి యిచ్చివేయఁబడిన నేల యిది.

మా పల్లెలలో నిత్యము జరుగు వ్యవహార మొకటి మొదట మనవి చేసెదను. ఇద్దఱు పెద్దరైతుల పొలముల నడుమ ఒక చిన్నరైతు చేను గలదనుకొందము. చిన్నరైతునకు తాతలనాఁటి బావి యొకటి యుండును. ఒకప్పుడు దానిమీఁద కపిల తోలి రెండెకరములు తడుపుకొన్నవాఁడే. తూర్పువైపు పెద్దరైతు బోరు వేయించును. పడమటివాఁడు దానిని చూచి, తన నీరు పోవునేమో యని భయపడి, అంతకంటె నూఱడుగులు లోఁతుగా వేయించును. తూర్పువాఁడు మఱల లోఁతు చేయించును. వీరిలో నెవఁడును దుర్మార్గుఁడు కానక్కఱలేదు. తన పైరును కాపాడుకొనుటకే త్రవ్వించుచున్నానని ప్రతివాఁడును అనును. ఆ మాట నిజమే. కాని యొకని కాపుదల రెండవవానికి దోపిడివలె కనఁబడును. కడకు ఇద్దఱి నీరును అడుగంటును. అన్నిటికంటె ముందు ఎండునది నడుమనున్న చిన్నరైతు బావి. అప్పు డతఁడు ఇద్దఱిలో నొకని గట్టునకు పోయి, "అన్నా, నీ బోరునుండి నాకొక తడి యిమ్ము" అని యడుగును. ఇచ్చువాఁడు ఊరక యీయఁడు. పంటలో పాలో, చేనిలో గట్టో, పంచాయతీలో మాటో అడుగును. ఒకనికి ఆప్తుఁడైన గడియలోనే చిన్నరైతు రెండవవానికి పగవాఁడగును. దేశముల వ్యవహారమును ఇట్లే యుండును.

మన సీమల చరిత్రనే చూడుఁడు. పదునెనిమిదవ శతాబ్ది నడుమ ఆంగ్లేయులకును ఫ్రెంచివారికిని ప్రపంచమంతట పోరు. హిందూదేశమున ఆ పోరునకు దొరకిన రంగస్థలములు దక్కనును కర్ణాటకమును. 1750 డిసెంబరులో నిజాము నాసర్ జంగు హతుఁడయ్యెను. ఫ్రెంచివారి తోడ్పాటుతో గద్దె కెక్కిన ముజఫర్ జంగు 1751 ఫిబ్రవరిలో మన రాయచోటి ప్రాంతమున చంపఁబడెను. వెంటనే ఫ్రెంచి సేనాని బుస్సీ సలాబత్ జంగును నిజాముగా నిలిపెను. రక్షణ దొరకినది. వెల యేమి? 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము సర్కారులు ఫ్రెంచి సేనల జీతముల క్రింద బుస్సీకి ఒప్పగింపఁబడెను. 1758 డిసెంబరులో చందుర్తి యొద్దను, 1759 ఏప్రిలులో మచిలీపట్నమునను ఫ్రెంచివారు ఓడిపోఁగా సలాబత్ జంగు ఆంగ్లేయులతో సంధి చేసికొనెను. రక్షకుఁడు మాఱెను, రక్షణ కోరినవాని స్థితి మాఱలేదు.

ఇఁక మా గుత్తికోట సంగతి. అచ్చటి ప్రభువు మురారిరావు ఘోర్పడే మహారాష్ట్ర వీరుఁడు. బలవంతుల నడుమ చిన్నవాఁడు బ్రదుకుటకు గల యుపాయములన్నియు నతనికి తెలియును. 1751లో ఆర్కాటులో ముట్టడింపఁబడిన క్లైవునకు సాయముగా కదలినవాఁడే, కొలఁదికాలమునకు తిరుచిరాపల్లి యుద్ధములో ఫ్రెంచివారి పక్షమున నిలిచెను. ఈ నేర్పు అనేక సంవత్సరములు ఫలించెను. కాని 1776లో హైదరాలీ గుత్తిని పట్టుకొన్నపుడు ఈ పక్షమువారు గాని ఆ పక్షమువారు గాని సమయమునకు రాలేదు. కొండమీఁది కోటలో నీరు కఱవై మురారిరావు లొంగిపోయెను. కబ్బాలదుర్గమున బందియై మరణించెను. నేఁడును గుత్తికొండ నెక్కి ఆ కోటబావులను చూచువారికి, ఎత్తైన గోడకంటె ఒక కడవెఁడు నీరు విలువైన దినము లుండునని తోఁపక మానదు.

పిమ్మట టిప్పు సుల్తాను కాలము. 1788లో అతని రాయబారులు ఫ్రాన్సుదేశమునకు పోయి పదునాఱవ లూయీ రాజును దర్శించిరి. 1798 జనవరిలో మారిషస్ దీవియందలి ఫ్రెంచి గవర్నరు మలార్తిక్, టిప్పునకు తోడుగా పోఁదలఁచినవారు పేర్లు వ్రాయించుకొనవచ్చునని బహిరంగముగా ప్రకటించెను. ఆ ప్రకటన వలన మంగళూరిలో దిగినవారు నూఱుగురైనను లేరు. కాని ఆ కాగితము కలకత్తా చేరునప్పటికి గవర్నరు జనరలు వెల్లెస్లీ కన్నులకు మహాసైన్యమై తోఁచెను. లేదా అట్లు చూపుట అతనికి అనుకూలమయ్యెను. ఆ యేఁడే జూలైలో నెపోలియన్ ఈజిప్టున దిగెను. సెప్టెంబరులో ఆంగ్లేయులు నిజాముతో సైన్యసహకార సంధి చేసికొనిరి. అక్టోబరులో హైదరాబాదునందు ఫ్రెంచి అధికారుల క్రింద నున్న సుమారు 14,000 మంది పటాలము ఆయుధములు విడువవలసివచ్చెను. 1799 జనవరిలో నెపోలియన్ కైరోనుండి టిప్పునకు వ్రాసిన లేఖ త్రోవలోనే ఆంగ్లేయుల చేతఁ జిక్కెను. మే 4వ తేదీన శ్రీరంగపట్టణము కూలెను, టిప్పు నేలకొఱిగెను. సాయము రాలేదు. సాయము వచ్చునేమో యను భయమే అతనిమీఁదికి సైన్యములను నడిపించెను.

ఆ యుద్ధానంతరము 1800 అక్టోబరు 12వ తేదీన నిజాము ఆలీఖాను, తన రక్షణకై యుంచుకొన్న ఆంగ్లసేనల ఖర్చుక్రింద, 1792లోను 1799లోను మైసూరునుండి తన పాలికి వచ్చిన భూములను కంపెనీవారికి దత్తము చేసెను. బళ్ళారి, అనంతపురము, కడప ప్రాంతములును కర్నూలులో కొంత భాగమును ఇట్లు పోయెను. దత్తమండల మను పేరు అట్లు కలిగినది. అప్పటి మా పల్లెలలో ఏ రైతునైనను ఎవ్వరును అడిగినవారు లేరు. ఆ పేరును తుడిచికొనుటకు మాకు 128 సంవత్సరములు పట్టినది. 1928లో నంద్యాలలో జరిగిన సభయందు చిలుకూరి నారాయణరావుగారు సూచించిన పిమ్మటనే రాయలసీమ యను పేరు వ్యాపించినది.

ఈ కథనుండి నేను గ్రహించిన దొక్కటే. రక్షణ పేరిట మొదట చిన్నవాని నిర్ణయము పెద్దవాని చేతిలోనికి పోవును. పిదప పెద్దవాని నిర్ణయము భయము చేతిలోనికి పోవును. భయము ముదిరినపుడు ఆ నిర్ణయము ఎవఁడో యొక పేరులేని యధికారి చేతిలోనికి జాఱును. ఫిరంగుల కాలమున ఈ మెట్లకు చివర నొక కోటయో నాలుగు జిల్లాలో పోయెను. అణ్వస్త్రముల కాలమున చివరిమెట్టు వేఱు. దానిని ప్రపంచము 1962లో కన్నులార చూచెను.

క్యూబా చెఱకు పండు దీవి. అమెరికా తీరమునకు సుమారు తొంబది మైళ్ళు. 1898లో దానిని స్పెయినువారి చేతినుండి తప్పించినవారు అమెరికావారే. తప్పించినందులకు వెలగా, 1901నాఁటి ప్లాట్ సవరణ వలన, ఆ దీవి వ్యవహారములలో జోక్యము చేసికొను హక్కును పొందిరి. ఆ హక్కు 1934లో తొలఁగినను గ్వాంటనామో నౌకాస్థావరము నేఁటికిని వారి చేతనే యున్నది. 1959 జనవరిలో ఫిడెల్ కాస్ట్రో విప్లవము నెగ్గెను. 1960లో అమెరికా క్యూబా చక్కెర కొనుగోలును కోసివేయఁగా సోవియట్టు దేశము కొనుటకు ముందుకు వచ్చెను. 1961 ఏప్రిలులో అమెరికా గూఢచారిశాఖ శిక్షణ యిచ్చిన సుమారు 1,400 మంది క్యూబా ప్రవాసులు పందుల అఖాతము నొద్ద దిగి మూఁడు దినములలో ఓడిపోయిరి. కాస్ట్రో భయము కల్పితము గాదని దీనిచే తేలినది. ఆ యేఁడు సెప్టెంబరులో బెల్‌గ్రేడున కూడిన అలీన దేశముల మొదటి మహాసభలో క్యూబాయు పాల్గొనెను. కాని సభా తీర్మానములు సముద్రతీరమును కావలి కాయలేవు గదా! చిన్నరైతు పెద్దరైతు గట్టునకు పోయెను.

సోవియట్టు నాయకుఁడు క్రుశ్చేవ్ 1962 మే నెలలో క్యూబాయందు అణుక్షిపణులను నిలుపుటకు నిశ్చయించెను. క్యూబాను కాపాడుట ఒక కారణము. టర్కీలో పదునైదును ఇటలీలో ముప్పదియు అమెరికా జూపిటర్ క్షిపణులు తన దేశమువైపు తిరిగి యుండుట మఱియొక కారణము. ఐరోపా రక్షణకై వానిని పెట్టితిమని అమెరికావారు చెప్పుచుండిరి. తూర్పు బోరునకు పడమటి బోరు! ఈ క్షిపణులలో నొక్కొక్కటి మోయు అణ్వస్త్రము, 1945లో హిరోషిమాపై పడిన దానికి ఏఁబదింతలకు మించిన శక్తి గలది. ఇందు విచారింపఁదగిన దొకటి గలదు. ఒప్పందమును బహిరంగముగా ప్రకటింతమని కాస్ట్రో కోరెను. రహస్యముగనే యుంచవలెనని క్రుశ్చేవ్ పట్టుపట్టెను. దీవి క్యూబావారిది, రహస్యము మాస్కోవారిది.

అక్టోబరు 14వ తేదీన అమెరికా వేగు విమానము తీసిన ఛాయాచిత్రములలో రహస్యము బయటఁబడెను. 16వ తేదీన అధ్యక్షుఁడు కెనెడీకి తెలిపిరి. వెంటనే బాంబులు వేయవలెనని సేనానులలో పలువురు చెప్పిరి. కెనెడీ ఆఁగెను. 22వ తేదీన ప్రజలకు సంగతి తెలిపి, సముద్రముపై నౌకలను అడ్డగింతునని చాటెను. 24వ తేదీన అమెరికా బాంబరు విమానముల దళము యుద్ధమునకు ఒక్క మెట్టు క్రిందనున్న సిద్ధస్థితికి వచ్చెను. క్యూబాలో సోవియట్టు సైనికులు పదివేల ప్రాంతము ఉందురని అమెరికావారి యంచనా. నిజముగా నున్నవారు సుమారు 42,000 మంది. దిగివచ్చు సేనలపై ప్రయోగించుటకై చిన్న అణ్వస్త్రములును అప్పటికే దీవిలో నుండెను. నాఁటి అమెరికా రక్షణమంత్రి మక్‌నమారాకు ఈ సంగతి తెలిసినది ముప్పది సంవత్సరముల తరువాత, 1992లో హవానాలో జరిగిన సమావేశమునందు. వెల్లెస్లీ నూఱుగురిని చూచి మహాసైన్యమని భ్రమించెను. ఇచ్చట ఉన్న ప్రమాదమును నాలుగవ వంతుగా నెంచిరి. హెచ్చుగా గాని తగ్గుగా గాని, భయమునకు లెక్క తెలియదు.

అక్టోబరు 27, శనివారము. ఆ యొక్క దినమున జరిగినవి వినుఁడు. క్యూబాపై నెగురుచున్న అమెరికా వేగు విమానము నొకదానిని సోవియట్టు క్షిపణిదళము కూల్చెను. విమానము నడుపుచున్న మేజర్ ఆండర్సన్ మరణించెను. కూల్చుమని మాస్కో ఆజ్ఞ యీయలేదు. దీవిలోని యధికారులే నిర్ణయించిరి. అదే దినమున మఱియొక అమెరికా విమానము ఉత్తరధ్రువ ప్రాంతమున దారి తప్పి సోవియట్టు భూమిపై ప్రవేశించెను. దానిని తఱుముటకు అటనుండి యుద్ధవిమానములు లేచెను. ఆ సాయంకాలమే సముద్రగర్భమున బి-59 అను సోవియట్టు జలాంతర్గామిని పైకి రప్పించుటకు అమెరికా నౌకలు హెచ్చరిక గుండ్లను నీట వేయఁజొచ్చెను. లోపల గాలి చాలదు, వేఁడిమి భరింపరాదు, మాస్కోతో సంబంధము తెగినది. పైన యుద్ధము మొదలైనదో లేదో తెలియదు. ఆ జలాంతర్గామిలో అణ్వస్త్రము తగిల్చిన టార్పెడో యొకటి యున్నదని పైనున్న నావికు లెఱుఁగరు. నాయకుఁడు దానిని సిద్ధము చేయుమనె ననియు, అందున్న వసీలీ అర్ఖీపోవ్ అను అధికారి వారించె ననియు తోడి నావికులు పిదప చెప్పిరి. జలాంతర్గామి నీటిపైకి తేలెను; లోకము నిలిచెను. కెనెడీ గాని క్రుశ్చేవ్ గాని ఆ గడియలో దానిని ఆపఁగలవారు గారు. చివరిమెట్టున పేరులేని యధికారి నిలుచునని నేను చెప్పినది ఇదియే.

ఆ రాత్రియే అధ్యక్షుని తమ్ముఁడు రాబర్టు కెనెడీ సోవియట్టు రాయబారి దొబ్రీనిన్‌తో రహస్యముగా మాటలాడెను. క్యూబాపై దండెత్తమని అమెరికా మాట యిచ్చుట, క్షిపణులను సోవియట్టువారు తీసికొనిపోవుట, టర్కీలోని జూపిటర్ క్షిపణులను కొన్ని నెలలకు చడిచప్పుడు లేక తొలఁగించుట, ఇదియే ఒడంబడిక. 28వ తేదీన క్రుశ్చేవ్ ప్రత్యుత్తరమును మాస్కో రేడియో ప్రపంచమంతటికి వినిపించెను. రహస్యలిపిలో వార్త పంపినచో గంటలు పట్టునని, ఆ గంటలలో ఏమి మూఁడునో యని భయపడి, రేడియోనే రాయబారిగా చేసికొనిరి. అయితే కాస్ట్రోకు ముందుగా చెప్పినవారు లేరు. తన దీవిని గూర్చిన సంధిని అతఁడు లోకముతోపాటు వార్తగనే వినెను. ఐక్యరాజ్యసమితి కార్యదర్శి ఊ థాంట్ ఆ నెల చివర హవానాకు పోయి పరిశీలకులను రానిమ్మని కోరఁగా కాస్ట్రో అంగీకరింపలేదు.

న్యాయముగా చెప్పవలెనన్న, క్యూబాకు ఏమియు దక్కలేదనుట సరిగాదు. దండెత్తమను మాట దక్కినది. అట్లే, ఈ ప్రమాదమున చిన్నవాఁడు నిరపరాధి యనుటయు సరిగాదు. 26వ తేదీ రాత్రి కాస్ట్రో క్రుశ్చేవునకు వ్రాయించిన లేఖలో, అమెరికా దండెత్తినచో అణ్వస్త్రము ప్రయోగించుటకు వెనుదీయవలదని సూచించెను. భయమునకు గుఱియైన చిన్నవాఁడు తన యిల్లు కాలినను సరే పొరుగువాఁడు మండవలెనని తలఁచు స్థితికి దిగజారును. రక్షణకు చెల్లించు వెలలలో ఇదియు నొకటి.

ఆ దినములలోనే మన దేశమునకును ఒక పాఠము చెప్పఁబడెను. క్యూబాలో అగ్ని రాజుకొన్న ఆ అక్టోబరు 20వ తేదీననే చీనా సైన్యములు మన యుత్తరపు సరిహద్దున విరుచుకొనిపడెను. సోవియట్టు దేశము మనకు మిత్రదేశము. కాని క్యూబా చిక్కులో చీనా తోడు కావలసివచ్చి, 25వ తేదీనాఁటి ప్రావ్దా పత్రిక చీనా ప్రతిపాదనలను సమర్థించెను. చిక్కు తీఱిన పిదప నవంబరులో స్వరము మార్చెను. మిత్రుఁడు చెడ్డవాఁడని నేననుట లేదు. పెద్దవానికి తన యింటికి నిప్పంటినపుడు చిన్నవాని పందిరి కనఁబడదు.

ఇది గడచిన కథ యని త్రోసివేయుటకు వీలులేదు. ఉక్రెయిన్ దేశము తన భూమిపై మిగిలిన సోవియట్టు అణ్వస్త్రములను విడిచిపెట్టుటకు ఒప్పుకొనఁగా, 1994 డిసెంబరులో బుడాపెస్టున రష్యా, అమెరికా, బ్రిటను దేశములు దాని సరిహద్దులను గౌరవింతుమని వ్రాసియిచ్చెను. 2014లో క్రిమియాను రష్యా కలుపుకొనెను. 2022 ఫిబ్రవరి 24వ తేదీన దండెత్తెను. మూఁడు దినములకే తన అణుదళములను ప్రత్యేక జాగరూకతలో నుంచుమని రష్యా అధ్యక్షుఁ డాజ్ఞాపించెను. మాట యిచ్చుట వేఱు, మాటకు జామీను వేఱని మా రైతులు ఎఱుఁగుదురు.

మఱి చిన్నవారికి గతి లేదా? కలదు. అది పెద్దవారి దయ కాదు, చిన్నవారి కూడిక. క్యూబా ప్రమాదమును చూచిన లాటిన్ అమెరికా దేశములు ఊరకుండలేదు. 1963 ఏప్రిలులో బొలీవియా, బ్రెజిల్, చిలీ, ఈక్వడార్, మెక్సికో దేశాధ్యక్షులు తమ ఖండమున అణ్వస్త్రములకు చోటు లేకుండ చేయవలెనని ప్రకటించిరి. మెక్సికో రాయబారి గార్సియా రోబ్లెస్ పూనికతో 1967 ఫిబ్రవరి 14వ తేదీన త్లతెలోల్కో సంధి సంతకమునకు వచ్చెను. ఆయనకు 1982లో నోబెల్ శాంతి బహుమానమును లభించెను. అణ్వస్త్రములను తయారు చేయము, ఇతరులవి మా నేలపై పెట్టనీయము, అనునది దాని సారము. ఆ సంధి అనుబంధమును అయిదు అణుదేశములును ఒప్పుకొనెను. అందఱికంటె ఆలస్యముగా, 2002లో, దానిని స్థిరపఱచినది క్యూబాయే. నేఁడా ఖండమున ముప్పదిమూఁడు దేశములును ఆ కట్టుబాటులో నున్నవి. ఎవరి బోరును తన చేనిలో దింపనీయమని చిన్నరైతులందఱు కలిసి వ్రాసికొన్న కట్టుబాటు అది.

పెద్దవారును నేర్చుకొన్నది కొంత కలదు. 1963 జూన్‌లో వాషింగ్టన్, మాస్కో నగరముల నడుమ నేరుగా వార్తలు పంపుకొను తీగను ఏర్పఱచుటకు ఒడంబడిక జరిగెను. ఆగస్టులో వాతావరణమున, జలమున, అంతరిక్షమున అణుపరీక్షలు మానుటకు ఒప్పందము కుదిరెను. ఎదుటివానికి వెనుకకు పోవుటకు దారి విడిచినపుడే యుద్ధ మాఁగునని ఆ పదుమూఁడు దినములు వారికి బోధించెను.

శ్రోతలారా! రక్షణ యిత్తునని యే బలవంతుఁడు వచ్చినను చిన్నదేశ మడుగవలసిన ప్రశ్నలు మూఁడు. దీనికి వెల యేమి? ఆయుధము నా నేలపై నున్నపుడు దాని మీట యెవరి చేతిలో నుండును? నీవు నీ శత్రువుతో సంధి చేసికొను దినమున నన్ను పిలుతువా? వీనికి తేటగా బదులు రానిచో, ఆ రక్షణ నీడ గాదు, ఉరుము. 1800లో మా తాతముత్తాతలకు ఈ ప్రశ్న లడుగు నోరు లేదు. ఓటును, పత్రికయు, ఈ రేడియోయు గల మనకు ఆ నోరు గలదు. అడుగుట మన విధి.